అడగండి చెబుతాం: ఊరు మారాలి, ఏ ఊరికి?

భార్యాభర్తల్లో ఒకరు తెలుగు, ఇంకొకరు వేరే జాతి. అలాంటి ఇళ్ల నుంచి ఈ మధ్య వస్తున్న ఉత్తరాలు చాలావరకు ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతున్నాయి: అమెరికాలో ఇల్లు మారేటప్పుడు మా అందరికీ సరిపడే ఊరిని ఎలా పట్టుకోవాలి? ఈ నెల శీర్షికంతా వాటికే కేటాయించాం. ఉత్తరాలు కుదించాం, పేర్లు తీసేశాం.

ప్రశ్న: నేను తెలుగమ్మాయిని, మావారు నల్లజాతి అమెరికన్. బాబుకు ఏడేళ్లు, పాపకు నాలుగు. ఆయనకు అట్లాంటాలో ఉద్యోగం వచ్చింది. మావాళ్లందరూ "కమ్మింగ్ వెళ్లండి, స్కూళ్లు బాగుంటాయి, ఎటు చూసినా మనవాళ్లే" అంటున్నారు. ఆ పేరు ఎత్తితే ఆయన మౌనంగా ఉండిపోతారు. ఏం చేయాలి?

ముందు ఆ మౌనం సంగతి. కమ్మింగ్ ఫోర్సైత్ కౌంటీకి ముఖ్యపట్టణం. 1912లో ఒక తెల్లజాతి యువతి హత్య తర్వాత అక్కడి గుంపులు కౌంటీలో ఉన్న దాదాపు 1,100 మంది నల్లజాతివారిని ఇళ్లు, పొలాలు వదిలించి తరిమేశాయి. ఆ తర్వాత కొన్ని దశాబ్దాల పాటు అక్కడ నల్లజాతి కుటుంబం కాలుపెట్టలేదు. 1987 జనవరిలో దీనికి నిరసనగా కొద్దిమంది ఊరేగింపు తీస్తే రాళ్లు పడ్డాయి. మరుసటి వారం సుమారు 20,000 మంది వచ్చి నడిచారు. మీకు ఇది చరిత్ర. జార్జియా మూలాలున్న నల్లజాతి ఇంట్లో ఇది అమ్మానాన్నలు కళ్లారా చూసిన సంగతి. అందుకే ముందుగా ఆయన్ని కూర్చోబెట్టి అడగండి.

ఇప్పటి ఫోర్సైత్ అప్పటిది కాదన్నదీ నిజమే. 2020 జనాభా లెక్కల నాటికి కౌంటీలో రెండున్నర లక్షల మంది ఉన్నారు, చాలామంది బయటి నుంచి వచ్చినవాళ్లే. అందులో ఆసియన్లు 18 శాతం దాకా, నల్లజాతివారు 4 శాతం చుట్టుపక్కల. మీవాళ్లు మొదటి అంకె చూసి మాట్లాడుతున్నారు. మీరు చూడవలసింది రెండోది. 24 మంది ఉన్న తరగతిలో 4 శాతమంటే ఒక్కడు. ఆ ఒక్కడు మీ అబ్బాయే.

మిశ్రమ కుటుంబానికి మేం చెప్పే సూత్రం ఇదొక్కటే: ఇంట్లో ఎవరి అంకె అన్నిటికన్నా చిన్నదో వాళ్ల వైపు నుంచి ఊరిని చూడాలి. మా లెక్కలో ఎలిమెంటరీ స్కూల్లో ఆ అంకె కనీసం 10 శాతం ఉండాలి. అప్పుడు తరగతికి ఇద్దరు ముగ్గురవుతారు, ఎవరూ "ఆ ఒక్కడు" కారు. ఇది చట్టమూ కాదు, శాస్త్రమూ కాదు. తరగతి గది లెక్క.

ఆ లెక్కన పక్కనే ఉన్న గ్విన్నెట్ కౌంటీని చూడండి. 2020లో నల్లజాతివారు పావువంతుకు పైగా, లాటినోలు (లాటిన్ అమెరికా మూలాలున్నవారు) పావుకు కాస్త తక్కువ, ఆసియన్లు దాదాపు ఎనిమిదో వంతు, మిగిలినవారిలో ఎక్కువమంది తెల్లజాతివారు. కాకపోతే కౌంటీలో తొమ్మిది లక్షలకు పైగా జనం ఉన్నారు. లిల్బర్న్ వేరు, సువానీ వేరు. కాబట్టి కౌంటీ అంకె దగ్గర ఆగకండి. సెన్సస్ ట్రాక్ట్ దాకా దిగండి. ట్రాక్ట్ అంటే సగటున 4,000 మంది ఉండే తునక. సెన్సస్ బ్యూరో డేటా సైట్లో ఇంటి చిరునామా ఇస్తే అది ఏ ట్రాక్టో చెబుతుంది. 2020 లెక్కలకు పి2 అనే పట్టిక, ఆ తర్వాతి అంచనాలకు అమెరికన్ కమ్యూనిటీ సర్వే ఐదేళ్ల డేటాలో బి03002 అనే పట్టిక తీయండి.

ఇక్కడ మూడు చోట్ల కాలు జారుతుంది. సర్వే అంకె పక్కన ప్లస్‌మైనస్ గుర్తుతో మరో అంకె ఉంటుంది, దాన్ని వదిలేయకండి. "210, ప్లస్‌మైనస్ 160" అని ఉంటే అసలు సంఖ్య 50 కావచ్చు, 370 కావచ్చు. ఒక్క ట్రాక్ట్‌ను నమ్మకుండా స్కూలు పరిధిలోని మూడు నాలుగింటిని కలిపి చూడండి. రెండోది, ట్రాక్ట్ కన్నా కిందికి, వీధి బ్లాకు దాకా దిగకండి. వ్యక్తుల గోప్యత కోసం 2020 బ్లాకు అంకెల్లో కావాలనే కొంత తేడా కలిపారు, 30 మంది ఉన్న బ్లాకులో అది బొమ్మనే మార్చేస్తుంది. మూడోది, "పదేళ్లలో ఇక్కడ మిశ్రమ జాతివారు మూడింతలయ్యారు" అనే మాట. దేశం మొత్తం మీదే ఆ అంకె 2010లో 2.9 శాతం నుంచి 2020లో 10.2 శాతానికి ఎగిరింది. పుట్టిన పిల్లలకన్నా ప్రశ్న అడిగిన తీరు, జవాబులను వర్గీకరించిన తీరు మారడమే అందుకు పెద్ద కారణం. ఆ పోలికతో ఏ ఊరి గురించీ ఏమీ తేలదు.

అంకెలు చూశాక ఒక మంగళవారం పొద్దున ఏడున్నరకు ఆ ఇంటి నుంచి ఆయన ఆఫీసుకు కారులో వెళ్లి చూడండి. అట్లాంటాలో జాతి కన్నా ముందు ట్రాఫిక్కే కాపురాన్ని పరీక్షిస్తుంది.

ప్రశ్న: మా ఆవిడ మెక్సికన్ అమెరికన్. డాలస్ చుట్టుపక్కల స్కూళ్ల పట్టికలు చూస్తున్నాను. "రెండు లేదా ఎక్కువ జాతులు" అనే గడిలో అన్నిచోట్లా 3, 4 శాతమే. మా పిల్లల్లాంటివాళ్లు అంత తక్కువా?

మీ పిల్లలు ఆ గడిలో ఉండరు. 2010-11 విద్యా సంవత్సరం నుంచి స్కూళ్లు కేంద్ర ప్రభుత్వానికి లెక్క పంపే పద్ధతి ఇది: పిల్లవాడు హిస్పానిక్ (లాటినో) అని రాస్తే, మిగతా జాతులు ఎన్ని రాసినా హిస్పానిక్ గడిలోకే వెళతాడు. తెలుగు-మెక్సికన్ బిడ్డ హిస్పానిక్. తెలుగు-నల్లజాతి బిడ్డ, తెలుగు-తెల్లజాతి బిడ్డ "రెండు లేదా ఎక్కువ". టెక్సస్‌లో మిశ్రమ కుటుంబాల్లో పెద్ద వాటా లాటినోలు కలిసినవే కాబట్టి ఆ గడి ఎప్పుడూ బక్కగానే కనిపిస్తుంది. మీరు హిస్పానిక్, ఆసియన్ గడులు రెండూ బలంగా ఉన్న స్కూలు చూసుకోండి. ప్లేనో, ఇర్వింగ్, క్యారల్టన్ వైపు అలాంటివి దొరుకుతాయి. స్కూలును బట్టి తేడా చాలా ఉంటుంది కనుక స్కూల్ డిస్ట్రిక్ట్ సగటు మీద నిర్ణయం తీసుకోకండి.

ప్రశ్న: "మాలాంటి కుటుంబానికి ఏ ఏరియా బాగుంటుంది?" అని అడిగితే రియల్టర్ (ఇళ్ల ఏజెంటు) మాట దాటేస్తున్నారు. మమ్మల్ని చూసి ఇబ్బంది పడుతున్నారా?

కాదు, చట్టం పాటిస్తున్నారు. జాతి, రంగు, మతం, పుట్టిన దేశం చూసి కొనుగోలుదారులను ఒక వైపుకు నెట్టడాన్ని స్టీరింగ్ అంటారు. 1968 నాటి ఫెయిర్ హౌసింగ్ చట్టం కింద అది చట్టవిరుద్ధం. మంచి మనసుతో చేసినా చట్టవిరుద్ధమే. "అక్కడ మీవాళ్లు చాలామంది ఉన్నారండీ" అని ఉత్సాహంగా చెప్పే ఏజెంటు దగ్గరే మీరు కాస్త జాగ్రత్తగా ఉండాలి, అది తెలుగు ఏజెంటైనా సరే. మనవాళ్లలో ఇది మామూలు మాటగా చలామణి అవుతోంది.

అందుకే జాతి ప్రశ్నలకు జవాబు మీరే వెతుక్కుని, ఏజెంటుకు హద్దులు మాత్రం ఇవ్వండి: ఈ మూడు ఎలిమెంటరీ స్కూళ్ల పరిధి, ఇంత ధర, ఇన్ని గదులు, ఈ షరతులకు సరిపోయే ప్రతి ఇల్లూ చూపించాలి. ఈమెయిల్లోనే రాయండి. తర్వాత ఏదైనా ఇల్లు మీకు చూపించకుండా దాటేస్తే లిస్టింగ్ సైట్లతో పోల్చి పట్టుకోవచ్చు.

ఇది అనుమానం కాదు, అనుభవమే. 2019లో న్యూస్‌డే పత్రిక లాంగ్ ఐలాండ్‌లో ఏజెంట్ల దగ్గరికి ఒకే ఆదాయం, ఒకే కోరికలున్న జంట పరీక్షకులను రహస్యంగా పంపించింది. తెల్లజాతి పరీక్షకులతో పోలిస్తే నల్లజాతివారికి 49 శాతం పరీక్షల్లో, లాటినోలకు 39 శాతంలో, ఆసియన్లకు 19 శాతంలో తేడా వ్యవహారం ఎదురైంది. చాలాసార్లు ఏజెంటు నవ్వుతూ మర్యాదగానే మాట్లాడాడు. తేడా చాలావరకు చూపించిన ఇళ్ల జాబితాల్లో తేలింది. మీరూ ఇంట్లోనే చిన్న పరీక్ష పెట్టవచ్చు: కొత్త ఏజెంటుకు ఒకసారి మీరు, రెండు రోజులాగి మీ జీవితభాగస్వామి, విడివిడిగా అవే షరతులు రాయండి. వచ్చిన జాబితాలు పక్కపక్కన పెట్టి చూడండి.

ఇంకొకటి. 2024 ఆగస్టు నుంచి చాలాచోట్ల ఇల్లు చూపించకముందే ఏజెంటు కొనుగోలుదారుతో రాతపూర్వక ఒప్పందం చేయించుకోవాలి. ఆరు నెలల ఒప్పందం చేతికిస్తే సంతకం చేయకండి. 30 రోజులకో, ఆ ఒక్క ఇంటికో పరిమితం చేయమనండి, ఆ మార్పు చేయడానికి వీలుంది. ఏజెంటు నచ్చకపోతే బయటపడే దారి మీకుండాలి.

ప్రశ్న: స్కూలు చూడ్డానికి వెళితే అందరూ "మాది చాలా వెల్కమింగ్ స్కూలు" అంటారు. నిజమో కాదో ఎలా తెలుస్తుంది? (మావారు తెల్లజాతి, మా అమ్మాయి చామనఛాయ, మేం దత్తత తీసుకున్న బాబు నల్లజాతి.)

గోడ మీద రంగురంగుల చేతుల బొమ్మ ఉండని స్కూలు ఈ దేశంలో లేదు. దాన్ని పక్కనపెట్టి, స్కూలు తనకు తెలియకుండా చెప్పే మాటలు వినాలి.

కేంద్ర విద్యాశాఖ సివిల్ రైట్స్ డేటా కలెక్షన్ అనే పేరుతో ప్రతి ప్రభుత్వ పాఠశాల నుంచీ లెక్కలు తీసుకుంటుంది. ఎవరు సస్పెండయ్యారు, గిఫ్టెడ్ ప్రోగ్రాంలో (చురుకైన పిల్లలకు ప్రత్యేకంగా నడిపే తరగతులు) ఎవరున్నారు, పై తరగతి గణితంలో ఎవరున్నారు, అన్నీ జాతుల వారీగా ఉంటాయి. స్కూలు పేరుతో వెతికితే ఎవరికైనా కనిపిస్తాయి. లెక్క ఇలా వేయండి. ఉదాహరణకు 600 మంది ఉన్న స్కూల్లో నల్లజాతి పిల్లలు 90 మంది, అంటే 15 శాతం. ఆ ఏడాది 40 మంది సస్పెండైతే వారిలో 18 మంది నల్లజాతివారు, అంటే 45 శాతం. 45ను 15తో భాగిస్తే 3. గిఫ్టెడ్‌లో 60 మంది ఉంటే వారిలో ముగ్గురు, 5 శాతం. 5ను 15తో భాగిస్తే మూడో వంతు. శిక్షలో మూడింతలు, అవకాశంలో మూడో వంతు అన్నమాట. ఇలాంటి స్కూలు బయటికి ఎంత వైవిధ్యంగా ఉన్నా లోపల రెండు స్కూళ్లు. పిల్లలు గేటు దాకా కలిసి వస్తారు, గంట కొట్టగానే చర్మం రంగును బట్టి వేర్వేరు గదుల్లోకి వెళతారు. మీ ఇంట్లో అక్క ఒక గదిలోకి, తమ్ముడు ఇంకో గదిలోకి పోవచ్చు.

మొత్తం సస్పెన్షన్లు ఐదారే ఉంటే ఈ భాగహారం నమ్మకండి. ఒక్క పిల్లవాడు అంకెను తలకిందులు చేస్తాడు. అప్పుడు డిస్ట్రిక్ట్ మొత్తానికి లెక్క వేయండి. ఈ డేటా కొన్నేళ్లు పాతదై ఉంటుంది, ప్రిన్సిపల్ మారి ఉండవచ్చు. అందుకే అంకె పట్టుకుని వెళ్లి ప్రశ్న అడగాలి కానీ, అంకెతోనే తీర్పు చెప్పకూడదు.

ప్రిన్సిపల్‌ను అడగవలసినవి నాలుగే. "మీ దగ్గర ఒక పిల్లవాడు ఇంకొకడిని జాతి పేరుతో తిట్టిన సంఘటన చివరిసారి ఎప్పుడు జరిగింది, ఏం చేశారు?" "ఎప్పుడూ జరగలేదు" అన్నారంటే లేచి రావచ్చు. వందల మంది పిల్లలున్నచోట అది జరగకుండా ఉండదు, వీళ్లకు తెలియలేదనే అర్థం. ఫలానా నెలలో జరిగింది, ఇద్దరి ఇళ్లకూ అదే రోజు ఫోన్ చేశాం, తర్వాత ఇది చేశాం అని చెప్పేవారు మంచివారు. రెండోది, గిఫ్టెడ్ పరీక్ష పిల్లలందరికీ పెడతారా, టీచరో తల్లిదండ్రులో సిఫారసు చేసినవారికేనా? సిఫారసు పద్ధతిలో నల్లజాతి, లాటినో పిల్లలు జారిపోవడం ఎక్కువ. మూడోది, జాతి ప్రాతిపదికన ఏడిపించడం గురించి రాతలో ఉన్న నియమం చూపించండి. నాలుగోది, నమోదు ఫారంలో ఒకటికి మించి జాతులు గుర్తించే వీలుందా?

డ్రెస్ కోడ్ కూడా చదవండి, ముఖ్యంగా జుట్టు గురించి రాసిన పేరా. మీ బాబు పెద్దయ్యాక జడపాయలో, లాక్సో (తాళ్లలా పేనిన జుట్టు) పెంచుకుంటానంటే అడ్డం రాకూడదు. సహజమైన జుట్టు తీరుపై వివక్షను నిషేధించే క్రౌన్ చట్టాన్ని మొదట చేసింది కాలిఫోర్నియా, 2019లో. టెక్సస్‌లో 2023 సెప్టెంబరు నుంచి అమల్లో ఉంది. కానీ అక్కడే 2024 ఫిబ్రవరిలో ఒక జడ్జి, మగపిల్లల జుట్టు పొడవుకు స్కూలు పెట్టిన హద్దు ఆ చట్టం కిందికి రాదని తీర్పిచ్చారు. అంటే చట్టం ఉన్న రాష్ట్రంలో కూడా "చెవుల కిందికి రాకూడదు" అనే వాక్యం మీ డ్రెస్ కోడ్‌లో ఉందో లేదో వెతుక్కోవలసిందే.

మిగిలింది కళ్లతో చూసేది. స్కూలు వదిలే వేళకు, రెండున్నర మూడు మధ్య, గేటు దగ్గర అరగంట నిలబడండి. పిల్లలను చూడకండి, వాళ్లకోసం వచ్చిన పెద్దవాళ్లను చూడండి. ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారు? పిల్లలు మాట్లాడుకున్నంత మాత్రాన పుట్టినరోజుకు పిలవరు, పిలిచేది తల్లులు. శనివారం సాకర్ మైదానంలో, వేసవిలో ఊరి ఈత కొలను దగ్గర కూడా ఇదే చూడండి. అమెరికాలో ఈత కొలనుల చరిత్ర అంత మంచిది కాదు. నల్లజాతివారిని రానివ్వాల్సి వస్తుందని కొలనులకు కొలనులే మూసేసుకున్న ఊళ్లున్నాయి. అందుకే ఒక ఊళ్లో అన్ని రంగుల వాళ్లూ ఒకే నీళ్లలో ఉన్నారంటే దాన్ని మేం గట్టి గుర్తుగానే లెక్కపెడతాం.

స్కూలు రేటింగ్ అంకె గురించి ఒక్క మాట. పదికి పది అన్నది చాలావరకు అక్కడి ఇళ్ల ఆదాయం చెబుతుంది. పిల్లలు ఏడాదిలో ఎంత ముందుకు వెళ్లారో చూపే గ్రోత్ స్కోరు వేరే ఉంటుంది. దాన్ని చూడండి.

ప్రశ్న: అన్ని జాతులూ కలిసి ఉండే ఊళ్లని కొన్ని పేర్లు ఎప్పుడూ వింటుంటాం: ఓక్ పార్క్, షేకర్ హైట్స్, కొలంబియా, మేపుల్‌వుడ్. నిజంగా అంతటివా?

వాటంతటవి కలిసినవి కావు, పనిగట్టుకుని కలిపినవి. అదే వాటి బలం.

చికాగోకు ఆనుకుని ఉన్న ఓక్ పార్క్‌ను తీసుకోండి. 1960లలో పక్కనున్న ఆస్టిన్ పేటలో దళారులు "నల్లవాళ్లు వస్తున్నారు, ధర పడిపోకముందే అమ్ముకోండి" అని భయపెట్టి, తెల్లవారి దగ్గర చవగ్గా కొని నల్లజాతివారికి ఎక్కువకు అమ్మారు. కొన్నేళ్లలోనే పేట మొత్తం చేతులు మారింది. అది చూసిన ఓక్ పార్క్ 1968లో గృహ వివక్షను నిషేధించే సొంత ఆర్డినెన్స్ చేసుకుంది. 1972లో హౌసింగ్ సెంటర్ మొదలైంది. అద్దెకు వచ్చేవారిని ఊరంతా పరుచుకునేలా ప్రోత్సహించడమే దాని పని. ఇళ్ల విలువ పడిపోతుందనే భయం పోగొట్టడానికి 1978లో విలువకు ఒక రకం బీమా కూడా పెట్టారు. క్లీవ్‌లాండ్ దగ్గరి షేకర్ హైట్స్‌లో లడ్లో అనే పేట నివాసులు 1957లోనే సంఘం కట్టి ఇలాంటి పనే చేశారు. మేరీలాండ్‌లోని కొలంబియా 1967లో జేమ్స్ రౌస్ అనే డెవలపర్ మొదటి రోజు నుంచే అన్ని జాతులకూ, రకరకాల ఆదాయాలకూ కట్టించిన ఊరు. ఇరుగుపొరుగు రోజూ ఎదురుపడాలని ఉత్తరాల పెట్టెలు కూడా ఇంటింటికీ కాకుండా ఒకచోట గుంపుగా పెట్టించాడాయన. న్యూజెర్సీలో మేపుల్‌వుడ్, సౌత్ ఆరెంజ్ ఊళ్లు రెండూ కలిసి 1996 నుంచి ఇందుకోసమే ఒక సంఘం నడుపుతున్నాయి.

ఇప్పుడు ఖర్చు సంగతి. వీటిలో చాలాచోట్ల ఆస్తి పన్ను గుండె గుభేల్మనిపిస్తుంది, ముఖ్యంగా ఇల్లినాయ్, న్యూజెర్సీల్లో. లిస్టింగ్‌లో కనిపించే పన్ను పాత యజమానిది. వృద్ధుల రాయితీ ఉండి ఉంటే అది మీకు రాదు. ఆస్తి విలువ కట్టే కౌంటీ అసెసర్ సైట్లో రాయితీలు తీసేసిన అంకె చూసుకోండి. కొలంబియాలో పన్నుకు తోడు ఊరి అసోసియేషన్‌కు ఏటా చార్జి కట్టాలి. మేపుల్‌వుడ్, సౌత్ ఆరెంజ్, న్యూజెర్సీలోనే ఉన్న మాంట్‌క్లెయిర్‌లలో జాతులను కలపడం కోసం స్కూళ్ల కేటాయింపే వేరేగా ఉంటుంది కాబట్టి ఇంటి పక్క స్కూలే వస్తుందన్న హామీ లేదు. బస్సు ఇస్తారా, ఎన్ని మైళ్లు దాటితే ఇస్తారు అని ముందే డిస్ట్రిక్ట్‌ను అడగండి. తరగతి గదుల్లో విడిపోవడం గురించి పై జవాబులో రాసింది ఈ ఊళ్లకు కూడా వర్తిస్తుంది. పేరు చూసి లెక్క మానేయకండి.

పేరు పెద్దగా వినిపించని మరో రకం ఊళ్లున్నాయి, సైనిక స్థావరాల పక్కన. 1948లో అధ్యక్షుడు ట్రూమన్ ఇచ్చిన ఉత్తర్వు తర్వాత సైన్యంలో జాతుల వారీ విభజన క్రమంగా పోయింది. అందువల్ల టెక్సస్‌లో కిలీన్, నార్త్ కరోలినాలో ఫేయెట్‌విల్, వాషింగ్టన్‌లో లేక్‌వుడ్ లాంటి చోట్ల మిశ్రమ కుటుంబాన్ని ఎవరూ తిరిగి చూడరు. కిలీన్, ఫేయెట్‌విల్‌లలో ఇళ్లు చవక. ఐటీ ఉద్యోగం అక్కడే కావాలంటే మాత్రం కష్టం. ఇంటి నుంచి పనిచేసేవారు ఆలోచించవచ్చు.

ప్రశ్న: కొంటున్న ఇంటి టైటిల్ రిపోర్టులో "కాకేషియన్లు (తెల్లజాతివారు) కానివారికి అమ్మరాదు" అని 1940ల నాటి షరతు ఉంది! వదిలేయాలా?

అక్కర్లేదు. అలాంటి షరతులను కోర్టులు అమలు చేయడం కుదరదని సుప్రీంకోర్టు 1948లోనే చెప్పింది, 1968 చట్టం పూర్తిగా నిషేధించింది. దేశమంతా లక్షల దస్తావేజుల్లో ఇవి మిగిలిపోయాయి. ఇప్పటి ఇరుగుపొరుగు గురించి ఇది ఏమీ చెప్పదు. కాలిఫోర్నియా, వాషింగ్టన్, వర్జీనియా లాంటి రాష్ట్రాల్లో దాన్ని రద్దు చేసినట్లు ఒక ఫారం స్థానిక భూరికార్డుల కార్యాలయంలో నమోదు చేయించవచ్చు. క్లోజింగ్ రోజున (కొనుగోలు పూర్తయ్యే రోజు) టైటిల్ కంపెనీనే అడగండి.

ప్రశ్న: కొనాలా, ముందు అద్దెకుండి చూడాలా? ఒకచోట ఫోన్‌లో నేను మాట్లాడినప్పుడు ఇల్లు ఖాళీ అన్నారు, మావారు వెళ్లి చూసేసరికి "ఇచ్చేశాం" అన్నారు.

తెలియని ఊరైతే ఏడాది అద్దెకే ఉండండి. 5,00,000 డాలర్ల ఇల్లు కొని ఏడాదికే అమ్ముకోవలసి వస్తే కమిషన్, టైటిల్, రిపేర్లు కలిపి 7, 8 శాతం, అంటే 35,000 నుంచి 40,000 డాలర్లు చేతి నుంచి పోతాయి. ఒక స్కూలు సంవత్సరం మొత్తం, ఒక వేసవి అయినా ఆ ఊళ్లో గడవాలి. లీజులో మధ్యలో వదిలేసే క్లాజు ముందే రాయించుకోండి. 60 రోజుల నోటీసు, రెండు నెలల అద్దె అన్నది చాలాచోట్ల ఒప్పుకునే షరతు. అద్దె ఇల్లు మీకు నచ్చిన స్కూలు పరిధిలోనే తీసుకుంటే తర్వాత కొన్నా పిల్లలు స్కూలు మారనక్కర్లేదు.

ఇక ఆ "ఇచ్చేశాం" సంగతి. ఆ రోజే తేదీ, సమయం, ఎవరు ఏమన్నారో ఇద్దరూ విడివిడిగా రాసి పెట్టుకోండి. లిస్టింగ్ ఇంకా కనిపిస్తుంటే తేదీ పడేలా స్క్రీన్‌షాట్ తీయండి. అదేరోజు ఆ ఊళ్లోని ఫెయిర్ హౌసింగ్ సంస్థకు ఫోన్ చేయండి. వాళ్లు వేర్వేరు జాతుల పరీక్షకులను అదే ఇంటికి పంపి చూడగలరు. వారం ఆలస్యమైతే ఇల్లు నిజంగానే పోతుంది, పరీక్షకు వీలుండదు. కేంద్ర గృహ శాఖ హడ్‌కు ఫిర్యాదు చేయడానికి గడువు ఏడాది, కోర్టుకు వెళ్లడానికి రెండేళ్లు. నాలుగు లేదా అంతకన్నా తక్కువ వాటాలున్న భవనంలో యజమాని కూడా ఉంటే 1968 చట్టం నుంచి మినహాయింపు ఉందని ఇంటివాళ్లు అనవచ్చు. జాతి విషయంలో ఆ మినహాయింపు వాళ్లను కాపాడదు. 1866 నాటి పౌరహక్కుల చట్టానికి అలాంటి మినహాయింపేదీ లేదు, సుప్రీంకోర్టు 1968లో ఆ మాట స్పష్టం చేసింది.

ప్రశ్న: ఇల్లు అమ్మేవారికి మా కుటుంబం ఫోటోతో ఉత్తరం రాస్తే ఇస్తారంటున్నారు. రాయమంటారా?

వద్దు. ఫోటో చూసి ఇస్తే వివక్షే, ఇవ్వకపోయినా వివక్షే. అందుకే చాలామంది ఏజెంట్లు వాటిని అందించడం మానేశారు. మీ ఆఫర్‌లో ధర, డౌన్ పేమెంటు, క్లోజింగ్ తేదీ మాట్లాడాలి. ఇదే జాగ్రత్త అప్రైజల్‌కూ చెబుతాం: రీఫైనాన్స్‌కో అమ్మకానికో విలువ కట్టేవారు వచ్చే రోజున గోడల మీది కుటుంబ ఫోటోలు తీసేస్తున్న ఇళ్లు చాలా ఉన్నాయి. అలా చేయవలసి రావడం సిగ్గుచేటే. కానీ విలువ తక్కువ వేశారనిపిస్తే చేయగలిగిందీ ఉంది. లోన్ క్లోజ్ కావడానికి కనీసం మూడు పనిదినాల ముందు అప్రైజల్ నకలు మీకు ఇవ్వాలి. అందులో చదరపుటడుగులు, బాత్‌రూములు సరిగా ఉన్నాయా, పోలిక ఇళ్లు మీ సబ్‌డివిజన్‌వేనా చూడండి. తప్పుంటే లెండర్‌కు రాతలో "రీకన్సిడరేషన్ ఆఫ్ వ్యాల్యూ" కోరండి. ఈ మధ్య అమ్ముడైన దగ్గరి ఇళ్లు, మామూలుగా ఐదు వరకు, జతచేయవచ్చు. సాధారణంగా ఒక్కసారే అవకాశం ఇస్తారు కాబట్టి తొందరపడి ఒక్క ఇల్లు రాసి పంపకండి.

ప్రశ్న: మా ఆయన కుటుంబానికి నచ్చే ఊరు చూస్తే తెలుగువాళ్లు లేరు. మా అమ్మానాన్నలు ఆరు నెలలు ఉండటానికి వస్తారు, వాళ్లకు మాట్లాడే మనిషి కావాలి. తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే చోటికి వెళితే మా ఆయన నల్లజాతి అని వెనకాల గుసగుసలు. ఎటు?

చాలా ఉత్తరాల్లో సగం రాసి ఆపేసిన ప్రశ్న మీరు పూర్తిగా రాశారు. ఊరు ఆదరిస్తుందా అని అడిగేటప్పుడు మనం తెల్లవారినే మనసులో పెట్టుకుంటాం. మనవాళ్లు ఎక్కువగా ఉండే ఎడిసన్, ఫ్రిస్కో, యాష్‌బర్న్ లాంటి చోట్ల ఆ ప్రశ్న మన సంఘానికే వేయాలి. కులం, రంగు చూసే కళ్లు విమానం ఎక్కినప్పుడు ఊళ్లోనే ఉండిపోలేదు.

అందుకే ఇల్లు చూడకముందే పరీక్షించండి. ఆ ఊరి ఉగాదికో వినాయకచవితికో ఇంటిల్లిపాదీ కలిసి వెళ్లండి, ఆయన ముందు నడవాలి. భోజనాల బంతిలో ఆయనతో ఎవరైనా ఇంగ్లీషులోకి మారి మాట్లాడారా, లేక మీ చుట్టూ తెలుగులోనే తిరిగారా? పిల్లలను "ఎవరి పిల్లలమ్మా?" అన్నారా, "ఏ పేరు పెట్టారు?" అన్నారా? తెలుగు తరగతులు నడిపేవారిని అడగండి: ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడే పిల్లలను మొదటి మెట్టులో ఎలా చేర్చుకుంటారు, తెలుగు రాని తండ్రి హోంవర్కు చేయించగలిగేలా ఇంగ్లీషు సూచనలు ఇస్తారా? ఈ రెండో ప్రశ్నకు "ఇస్తాం" అన్న చోట మీలాంటి ఇళ్లు అప్పటికే ఉన్నాయన్నమాట.

ఇల్లు మాత్రం తెలుగు కాలనీ నడిబొడ్డున వద్దు. పిల్లలు ఏడాదికి 180 రోజులు స్కూలుకు వెళతారు. మీ అమ్మానాన్నలు ఉండేది ఆరు నెలలు, గుడికి వెళ్లేది వారానికి ఒకటి రెండుసార్లు. కాబట్టి స్కూలు పరిధి ఆయనకూ పిల్లలకూ సరిపోయేది చూసి, గుడి, తెలుగు స్నేహితులు 20, 25 నిమిషాల డ్రైవ్‌లో ఉండేలా చుట్టుగీత గీయండి. పెద్దవాళ్లకు కారు నడపడం రాదు కనుక ఆ ఇంటి నుంచి కాలినడకన పార్కో లైబ్రరీయో ఉండాలి, కాలిబాట మధ్యలో తెగిపోకూడదు. గూగుల్ మ్యాప్‌లో కాదు, సాయంత్రం ఐదింటికి మీరే నడిచి చూడండి. మీ నాన్నగారి నడక వేగానికి పావుగంట దాటితే ఇంకో ఇల్లు చూసుకోండి.